కాపలా పూస

ముప్పై ఒక్క ఏండ్లు టికెట్లు చింపిన బొటనవేలు
సూదిబెజ్జం ముందర సిగ్గుపడుతున్నది.
మూడుసార్లు దారం కొస నోట్ల తడి చేసిన,
మూడుసార్లూ అది మీసం మెలేసినట్టు వంకర పోయింది.
"ఉమ్ము కాదు కండక్టరమ్మా, మైనం రుద్దు"
అన్నది తస్నీమ్ ఆపా,
కళ్లద్దాల మీదికెల్లి చూసుకుంట.

యాకుత్‌పురాల రైలు పట్టాల పక్క సందు,
సైకిల్ రిపేరు దుకాణం మీద ఒక్కటే గది.
తెల్ల చాదర్ పరిచి నలుగురం కూసున్నం,
ఇద్దరు ఇంటర్ పిల్లలు, నర్సు ఫిలోమినా, నేను.
బేగంబజార్ల తూకమేసి తెచ్చిన పూసలు,
పదకొండో నంబరు, ఆవాలంత,
ఉక్రోషమొచ్చేటంత చిన్నవి.

మొట్టమొదలు ఎక్కించేది కాపలా పూసంట.
దాంట్లకెల్లి రెండుసార్లు దారం తిప్పి ఆపితే
వెనకాల వచ్చేవన్నీ జారిపోకుంట పట్టుకుంటది.
నేను ఎర్రది తీసుకున్న.
"పని అయినంక దాన్ని తీసేస్తం,
నమూనాల దానికి జాగ లేదు" అన్నది ఆపా, మామూలుగనే.
నేను ఆ ఎర్రదాని దిక్కు
అవసరమున్నదానికన్న ఎక్కువసేపే చూసిన.

పద్నాలుగు ఎక్కించు. ఇగ వెనక్కి మళ్లు.
కొత్తది ఒకటి ఎత్తు, పాతది ఒకటి దాటెయ్,
దాని పక్కదాంట్ల దూరు.
మళ్ల ఒకటి ఎత్తు, ఒకటి దాటెయ్.
ఇది నాకు తెలిసిన పనే గదా అనుకున్న:
ఎక్స్‌ప్రెస్ బండి.
మూసారాంబాగ్ దాటెయ్, మలక్‌పేటల ఆగు,
నల్గొండ చౌరస్తా దాటెయ్, చాదర్‌ఘాట్ల ఆగు.
దాటేసిన స్టాపుల నిలబడ్డోళ్లు
చేతులెత్తి తిట్టేది.
ఈ పూసలు తిట్టవు,
పక్కకు ఒరిగి కూసుంటయి, అంతే.

రెండో వరుస దాక అది అల్లికనో చిక్కో తెల్వలే.
దారం ఒక దిక్కు, పూసలొక దిక్కు,
మెడ తిరిగిన కోడి లెక్క.
"నాది కూడ గట్లనే ఉన్నదమ్మా" అన్నది ఫిలోమినా,
రాత్రి డ్యూటీ కండ్లు నలుపుకుంట.
మూడో వరుసల ఎట్లనో
పండ్ల సందుల పండ్లు కూసున్నయి,
జిప్పు పెట్టినట్టు ఒక గుడ్డ పుట్టింది
నా రెండు వేళ్ల నడుమ.
గుడ్డ అంటే ఎంత, గోరంత.
"అగో!" అని అరిచిన.
కింద రిమ్ము కొట్టే పిలగాడు సుత్తి ఆపిండు.

తొమ్మిదో వరుసల అంచు మెట్టు తప్పింది.
లెక్కపెట్టిన: పదమూడు.
మళ్ల లెక్కపెట్టిన: పదమూడే.
లెక్క తక్కువొస్తే జీతంల కోసేటోళ్లు;
అర్ధరాత్రి డిపోల బల్బు కింద చిల్లర కుప్పలు పోసి
పదకొండు రూపాయల కోసం ఏడ్చిన దినాలున్నయి.
ఇక్కడ ఎవల జీతంల కోయాలె?
ఆపా నా చేతిలోది తీసుకుని
సూది విడిచి దారం వెనక్కి గుంజింది.
ఆరు వరుసలు టిక్కు టిక్కుమని
చాదర్ మీద రాలినయి.
గొంతుల ఏదో అడ్డం పడ్డది.
"తొమ్మిదోదాంట్ల కనపడ్డది గానీ
తప్పింది నాలుగోదాంట్ల" అన్నది.
"మా ఫుప్పీ అయితే మొత్తం ఊడదీసి,
రంగు రంగు వేరుచేసి
మళ్ల నా చేతిలనే పెట్టేది."
కింద సుత్తి మళ్ల మొదలయింది.

నాలుగో ఆదివారం చేతికట్టు తయారయింది.
ఒక మూల గుంజుకపోయింది.
నీలం నడుమ ఒక పచ్చపూస తప్పి ఎక్కింది,
చూసినంక గూడ తీయలే.
కాపలా పూస తీసెయ్యమని ఆపా కత్తెర ఇచ్చింది.
"ఉంచుకుంటనా?" అన్న.
"ఊగుతది."
"ఊగనియ్."

వచ్చేటప్పుడు బస్సెక్కిన.
కొత్త పిల్ల కండక్టరు, మెడకు మిషను.
సున్నా రూపాయల టికెట్టు నా చేతిల పెట్టుకుంట
మణికట్టు దిక్కు చూసింది:
"మంచిగున్నదమ్మా, ఎక్కడ కొన్నవ్?"
జవాబు చెప్పేలోపలనే దాటిపోయింది,
ఒకరిని విడిచి, ఒకరి సందుల దూరి,
చివరి సీటు దాక పోయి, మళ్ల వెనక్కి మళ్లి.

చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద బండి ఊగింది.
ఎర్రపూస కూడ.