రాయి చప్పుడు

నలభై మీటర్ల పైన
నడుము పట్టీకి కొక్కెం తగిలించుకొని
మామునూరు రన్‌వేను చూస్తున్న.
పగిలిన కాంక్రీటు సందుల్ల గడ్డి,
గడ్డి మీద గొర్రెలు,
ఒక కొసకు ఎవరో ఆరబోసిన మక్కలు
గీసి మధ్యల్నే వదిలేసిన పసుపు గీతలెక్క.
ఇక్కడ విమానం దిగి ఎన్నేండ్లయిందో
గొర్రెలకు తెలువదు, నాకూ తెలువదు.
నాకంటె పెద్దోళ్లు గూడ
"మా నాయిన చూసిండట" అంటరు.

పొద్దున్నే హన్మకొండ నుంచి నవాజ్ సార్ ఫోన్:
"కొత్త యాంటెన్నాలు రెండు డిగ్రీలు కిందికి వంచు.
రన్‌వే దిక్కుది మాత్రం బంద్ వెట్టు. పేపరొచ్చింది."
"దిగే విమానమే లేదు గద సార్."
"వచ్చినంక వంచుతవా?"

నెల కింద గిదే టవర్ కాడ
నక్కలపల్లి పోరగాళ్లు ఫోన్లు వట్టుకొని
సినిమా ఎన్ని సెకండ్లల్ల దిగుతదో పందెం కాసిండ్రు.
మిర్చి పండించే సుగుణక్క
ఏనుమాముల రేటు చూసి
"నిన్నటిది గాదు, ఇప్పటిది" అని నవ్వింది.
వేగమంటె ఆమెకు
దళారి నోరు తెరవకముందే ధర తెలుసుడు.
దాన్ని ఎన్ని డిగ్రీలు వంచాలె?

కిందికి దిగితే ఓదెలు నిలబడి ఉన్నడు,
పత్తి చేన్ల నాలుగు గుంటలు
టవర్‌కు కిరాయికిచ్చినాయన.
"ఏం బిడ్డా, గాలిల గూడ హద్దురాళ్లు పాతుతుండ్రా?"

నాకు తెలిసినకాడికి చెప్పిన:
మంచుల నేల కనపడనప్పుడు
విమానం కడుపు కిందికెళ్లి ఒక అల వదుల్తది.
అది నేలను తాకి మళ్లొస్తది.
ఎంతసేపటికి వచ్చిందో దాన్నిబట్టి ఎత్తు.
మన టవర్ మాట
ఆ అలకు పక్కింటి మాటంత దగ్గర.
గోడ దాటి ఇనపడ్తదని కొందరు,
నడుమ సందున్నది, ఏం గాదని కొందరు.
చదువుకున్నోళ్లే ఇంకా కొట్లాడుతుండ్రు.

ఓదెలు బీడీ నలిపేసి
నన్ను బాయి కాడికి తీస్కపోయిండు.
గులకరాయి ఒకటి లోపలికి వదిలిండు.
పక్క చేన్ల ఇంజన్ మోటర్ డబడబ కొడుతున్నది.
"ఇనపడ్డదా?"
లేదు.
కేకేసి మోటర్ ఆపించిండు.
ఇంకో రాయి.
ఒకటి. రెండు.
బుడుంగ్.
"ఇరువై గజాలు. మా నాయిన గిట్లనే కొలిచేటోడు.
చప్పుడు రాకుంటె నీళ్లు లేవనుకోవద్దు.
లొల్లి ఆపి మళ్ల అడగాలె."

కొంచెంసేపు గట్టు మీద కూసున్నం.
అవతల నుంచి ఎవరో తిట్టుడు మొదలువెట్టిండ్రు.
ఓదెలు తువ్వాల దులుపుకుంట
"మోటర్ ఆపితె వాని మడి ఎండుతది.
అది గూడ ఉన్నది" అన్నడు.

మళ్ల ఎక్కిన.
రెండు డిగ్రీలంటె గోటి మందం.
వంచితె చెయ్యికి గూడ తెలువదు.
బోల్టు బిగిస్తుంటె నట్టు ఒకటి జారింది.
తెలువకుండనే లెక్కవెట్టిన:
ఒకటి, రెండు, మూ...
పత్తి చేన్ల పడ్డది, చప్పుడు లేదు.
ఎంత ఎత్తుల ఉన్ననో
నాకు కాయితం మీదనే తెలుసు.

జేబుల ఫోన్ మోగింది. సుగుణక్క.
"తమ్మీ, బొమ్మ గిర్రున తిరుగుతున్నది, ఏం చేసినవ్?"
ఏం చేసిన్నో చెప్పబోతె
మాట సగంల తెగింది.

చీకటి పడ్డంక టవర్ కొసకు ఎర్ర దీపం వెలిగింది,
'నేనిక్కడున్న, తప్పుకొని పో' అని
ఇంకా రాని విమానాలకు.
రన్‌వే మీద మక్కలెత్తే ఆడోళ్లకు
ఆ వెలుగు చాలలేదు.
నోట్ల ఫోన్లు కరిచి పట్టుకొని
ఆ లైట్లల్ల
ఒక్కొక్క గింజ ఊడుస్తుండ్రు.