సూది రంధ్రాలు

ఆ సూటు మీద ముందు వేరే పిల్లవాడి పేరుండేది.
పొడుగయ్యాడట, సగం ధరకిచ్చారు.
బ్లేడు మొనతో ఒక్కో పోగూ తెంపి
ఆరు ఇంగ్లీషు అక్షరాలు విప్పాను.
మా కెజియాకి ఐదే.
చివర్న రంధ్రాలు కొన్ని మిగిలిపోయాయి.
ఎండలో నిలబడితే కనిపిస్తాయి, నాకే.
ఇంకెవరూ అంత దగ్గరగా చూడరు.

శామీర్‌పేట దాటాక, గుండ్ల మధ్య ట్రాకు.
ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్న రాళ్లు
ఇన్నేళ్లుగా పడకుండా ఎట్లా ఉన్నాయో
ఈ పూట వాటినే అడగాలనిపిస్తుంది.

తొమ్మిదో నంబరు కార్టు మాది కాదు, అద్దెది.
ముప్పై రెండు జాకెట్లు, లైనింగుతో సహా,
కుడితే ఒక రేసు రోజు.
టైర్లు వేరే లెక్క.
ఆదివారం ఆరాధనకి రాలేదేమని పాస్టరమ్మ అడిగితే
'పిల్లకి ఆటలున్నాయండీ' అంటాను.
ఆమె ఖోఖో అనుకుంటుంది.
వాళ్ల నాన్న రానన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేసి
'అయిపోయిందా?' అంటాడు.
గెలిచిందా అని ఎప్పుడూ అడగడు.

సాబేర్ భాయ్ వంగి కార్బురేటర్ చెవి మెలిపెడుతూ
'పరేషాన్ కాకమ్మా, బిడ్డ చెయ్యి మంచిగుంది' అన్నాడు.
మంచిదే. నాకు తెలుసు.
ఐదేళ్లప్పుడు నా మిషను కింద దూరి
పెడలు మీద నా పాదం పక్కన తన పాదం పెట్టి
'ఇంకా జోరుగ, ఇంకా' అన్న పిల్ల.
బాబిను అయిపోయిన సంగతి ఇద్దరం చూసుకోలేదు.
గజం పొడుగునా ఉత్త రంధ్రాలు.

మెడకి పట్టీ, పక్కటెముకలకి కవచం,
హెల్మెట్ లోపలికి జడ దోపి
అద్దం దించేసింది.
ఇక అది ఎవరి బిడ్డో చెప్పడానికి
నా కుట్టు తప్ప గుర్తు లేదు.

జెండా ఊపారు.
పదకొండు బండ్లు, పదకొండు కందిరీగల తుట్టెలు.
నేలకి జానెడెత్తున పిల్లలు,
కింద నుంచి ఎవరో రోడ్డుని లాగేస్తున్నట్టు.
నా పక్కన ఒకాయన కంచె ఊపుతూ
'లైన్! లైన్ చూస్కోరా!' అని అరుస్తున్నాడు.
నాకు తెలిసిన లైను సుద్దముక్కతో గీసేది.
కత్తెర దాన్ని ఒరుసుకునే పోవాలి,
వెంట్రుకవాసి తప్పినా గుడ్డ పాడు.
అదీ ఇదీ ఒకటేనేమో. అడగలేదు.

నాలుగో రౌండు, మూడో మలుపు.
ముందు బండి పక్కకి జరిగింది.
మాది ఆ ఇరుకులోకి...
తర్వాత నాకు తెలిసింది శబ్దమే.
రబ్బరుది. కంకరది.
పసుపు జెండా, అని ఎవరో అన్నారు.

కళ్లు తెరిచేసరికి
టైర్ల గోడ ముందు వెనక్కి తిరిగి ఉంది తొమ్మిది.
ఒక చెయ్యి పైకి లేచింది.
ఐదు వేళ్లూ ఉన్నాయి, లెక్కపెట్టాను.
దిగి వచ్చేస్తుందనుకున్నాను.
ఆ చెయ్యి మళ్లీ స్టీరింగు మీదికి పోయింది.
సాబేర్ భాయ్ 'శబాష్' అన్నాడు.
ఆయన మీద కోపం వచ్చింది నాకు.

పదకొండు మందిలో పదో స్థానం.
హెల్మెట్ తీస్తే నుదుటికి అతుక్కున్న వెంట్రుకలు,
కమిలిన చెవులు.
నీళ్ల సీసా ఖాళీ చేశాక మొదటి మాట:
'మూడో మలుపుల బ్రేక్ తొక్కలే, చూసినవా?'
'చూసిన.'
'అబద్ధం. కండ్లు మూసుకున్నవ్.
నాకు కనవడ్డది.'

అంత జోరులో, ఆ అద్దం వెనక నుంచి,
గిర్రున తిరిగిపోతున్న బండిలోంచి
అది నా వైపు చూసింది.

ఇంటికి స్కూటీ మీద. ముందు నేను, వెనక అది.
మోచేతి దగ్గర కుట్టు విడిచింది,
వేలు దూర్చి ఇంకా పెద్దది చేస్తోంది.
తూంకుంట దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది,
పక్కనే సిమెంటు లారీలు.
నా వేగం ముప్పై.
'గట్ల నిటారుగ కూసోకమ్మా,
మలుపుతోని నువ్వు గూడ వంగాలె.
బ్రేకు మీదికెల్లి చెయ్యి తియ్యి.'

తియ్యలేదు.
రెండు వేళ్లు మాత్రం వదులు చేశాను.