కుర్చీ ఉన్న ఊరు

జీతం ఆర్హుస్ నుంచి వస్తుంది.
అక్కడ సముద్రం ఉందట, ఓడరేవు ఉందట,
చలికాలం నాలుగు కొట్టకముందే చీకటి పడుతుందట.
నేను చూళ్ళేదు.
కందుకూరులో, పామూరు రోడ్డు మీద
పాత పొగాకు గోడౌను పైగదిలో కూర్చుని
తెర మీద వాళ్ళ పెట్టెలు లెక్కపెడుతుంటాను.
కింద ఆకు వాసన.
పైన నా ఫ్యాను.
మధ్యలో పదమూడు చెక్కమెట్లు,
ఆఫీసుకు నా ప్రయాణం అంతే.

మొదటి రెండు నెలలూ
నేనక్కడే ఉన్నాననుకుని
వాళ్ళ దేశపు పన్ను కోసేశారు పొరపాటున.
మూడో నెల నుంచి ఏమీ కొయ్యలేదు.
డబ్బంతా ఖాతాలో పడితే
నాదే అనుకున్నాను.
ఫ్రిజ్ కొన్నాను. చెల్లెలి స్కూటీ బాకీ తీర్చాను.
'నాదే' అనే మాటకు వడ్డీ పడుతుందని
ఎవరు చెప్తారు?

మాలకొండయ్య గారు చెప్పారు.
మాలకొండ మీది నరసింహస్వామికి మల్లే
ఆయనా శనివారమే తలుపు తీస్తారు,
మిగతా రోజులు ఒంగోల్లో.
"ఏందమ్మాయ్ గౌసియా,
జూన్ పాయె, సెప్టెంబర్ పాయె, డిసెంబరూ పాయె,
ముందస్తు పన్ను ఒక్క వాయిదా అన్నా కట్టావా?"
"కంపెనీ అక్కడిది కదండీ."
"కుర్చీ యాడుంది?"
"ఇక్కడే."
ఆయన కళ్ళజోడు తీసి
వేలం కేంద్రానికి పోతున్న బేళ్ళ ట్రాక్టరు చూపించారు.
"పొగ యాడ లేచినా
శిస్తు పొలానిదే."

ఆ రెండు నెలల కోత వెనక్కి రావాలంటే
నేనిక్కడే ఉన్నానని రుజువు కావాలి.
ఎక్కడికీ పోలేదనడానికి రుజువు!
కరెంటు బిల్లు గోడౌను ఓనరు పేరున,
గ్యాసు మా పెద్దమ్మ పేరున.
పాత కాగితాల్లో మా ఊరు ప్రకాశం, కొత్తవాటిలో నెల్లూరు.
నేను కదల్లేదు సార్,
జిల్లాయే నన్ను దాటిపోయింది.
పాస్‌పోర్టు తెరిస్తే ఒక్క ముద్ర లేదు.
నెల్లూరు ఆఫీసులో గుమస్తా
దొంగసరుకు వెతికినట్టు
ఖాళీ పేజీలు తిప్పి తిప్పి చూశాడు.
"నూట ఎనభై రెండు రోజులుండాలి మేడం."
ఉన్నాను బాబూ.
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉంటూనే ఉన్నాను.
మధ్యలో రెండు రోజులు
కసుమూరు దర్గాకు పోయొచ్చాను, అంతే.

మెటె అని, అక్కడ నా జోడీ.
తన జీతంలో దగ్గర దగ్గర నలభై శాతం పోతుందని
ఎండా వానా గురించి చెప్పినట్టు చెబుతుంది.
బిడ్డ పుడితే నెలల తరబడి సెలవులో ఉంది.
నా ఒప్పందంలో
సెలవు అనే మాటకు ఎదురుగా ఒక గీత.
నేను ఉద్యోగిని కానట,
స్వతంత్రంగా సేవలు అందిస్తానట.
జ్వరంలోనూ లాగిన్ అయ్యే స్వతంత్రం.
వాళ్ళ దేశానికి నా పన్ను అక్కర్లేదు,
నా జ్వరమూ అక్కర్లేదు.
ఇక్కడ కడతాను. ఇక్కడేమో
బస్టాండు ముందరి గుంట
పోయిన వానాకాలం నుంచీ
నా చలానా కోసం నోరు తెరుచుకుని ఉంది.

నెల్లూరు నుంచి ధ్రువపత్రం వచ్చింది, ఒక్క కాగితం.
నా పేరు, దాని కింద: నివాసి.
ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో చదివి,
ఎవరైనా అడిగితే చూపించడానికి
నా దగ్గర ఉండింది
మెట్ల మీద అరిగిన చెప్పులే.
కాగితం మడవలేదు. ఫ్రిజ్ మీద పెట్టాను,
ఫ్యాను గాలికి ఎగరకుండా మామిడికాయ బరువు పెట్టి.

మార్చి పదిహేను, రాత్రి తొమ్మిది.
చలానా కట్టాను.
ఫ్రిజ్ కన్నా ఎక్కువ, స్కూటీ కన్నా కొంచెం తక్కువ.
వడ్డీ సంగతి జూలైలో తేలుతుంది.
శనివారం కాకపోయినా ఫోనెత్తి
"కట్టావా? ఇంక పడుకో" అన్నారు మాలకొండయ్య గారు.
పడుకునేదెక్కడ,
వాళ్ళకింకా సాయంత్రం నాలుగున్నర.

మీటింగు మధ్యలో కరెంటు పోయింది.
చీకట్లో లాప్‌టాప్ లోంచి
మెటె గొంతు, తెగి తెగి:
"గౌసియా, ఉన్నావా? అక్కడ ఉన్నావా?"
కింద ఎవరో టార్చి వెలుగులో బేళ్ళు ఎత్తుతున్నారు.
ఒకటి, రెండు అని పైకే లెక్కపెడుతున్నారు.