లీకేజీ

జహ్రా పంపుహౌసుల నాది రాత్రి డ్యూటీ.
పట్నమంత వాడి ఇడిసిన నీళ్లు
నాలుగు ట్యాంకుల తేటపడి
ఆఖరి వాల్వు దాటినంక
తుంగ మడుగైతయి.
మా క్యాంపుల బియ్యం కడిగిన నీళ్లు,
మఫీజుల్ డాంగ్రీ పిండిన నీళ్లు,
అవ్వే.

అక్టోబరుల ఒక రాత్రి
చీకట్ల ఎవరో కోరబట్ట చింపినట్టు చప్పుడు.
తెల్లారి చూస్తే
మడుగు నిండ బాతులు:
సూదితోకలు, గరిటెముక్కులు,
ఎంత దూరం నుంచి వచ్చినయో
వచ్చీ రాంగనే బురదల మూతి పెట్టినయి.

"ఆడ చెరువులు గడ్డకడ్తయి" అన్నది
లెక్క రాసుకునే హెస్సా మేడం.
ఈడ మంచిగనే ఉన్నది గదా,
మళ్ల ఎందుకు పోతయి?
ఆమె దుర్భిణి దించలే.
"ఈడ బతుకుతయి.
గుడ్లు పెట్టవు."

లాగ్‌బుక్కుల ఆ మాటకు గడి లేదు.
ప్రెషరు, క్లోరిను, సంతకం.

మార్చిల పొద్దు సాగుతుంటే
తిన్నదే తింటయి,
మెడలన్ని ఒక్క దిక్కే తిప్పి కూసుంటయి.
ఉత్తరం అంటే మాకు ఒకప్పుడు వచ్చేది.
వాటికి పోయేది.

ఒక్క రాత్రిల పోయినయి.
మిగిలింది ఒక్క గరిటెముక్కు, ఆడది,
ఎడమ రెక్క నీళ్లల్ల ఈడ్చుకుంట.

జూన్‌ల కాగితం వచ్చింది:
నీళ్లన్ని రోడ్డు చెట్లకు, మూడో వాల్వు బందు.
పద్దెనిమిది చుట్లు తిప్పాలె.
పదిహేడు తిప్పిన.
"వాషరు అరిగింది. లీకేజీ స్వల్పం."
నాలుగు నెలలు అదే రాత.
మఫీజుల్ ఏమి అడగలే.
రాత్రి టార్చి అటు కొట్టి
"ఆఛే" అనేటోడు. ఉన్నదని.

యాభై డిగ్రీల ఎండల
అది ఈకలన్ని రాల్చుకున్నది.
కొత్తయి మొలిచినయి.
ఇన్‌స్పెక్టరు వచ్చిండు, చెవి పెట్టి విన్నడు,
తుంగ దిక్కు చూసిండు.
"వాషరు దొరుకుతలేదా?"
ఆర్డరు పెట్టిన సార్.
"పెట్టు" అని సంతకం చేసి పోయిండు.

మళ్ల బట్ట చింపిన చప్పుడు.
నలభై గరిటెముక్కులల్ల
మాది ఏదో గుర్తుపట్టలే.
ఏ రెక్కా ఈడ్చుకుంటలేదు.

ఈసారి మార్చిల ఒక్కటి మిగలలే.
ఇస్త్రీ చేసినట్టు నీళ్లు.
మఫీజుల్ టార్చి కొట్టి
ఊకున్నడు.

జూన్‌ల కాగితం వచ్చింది.
పదిహేడో చుట్టు కాడ
చెయ్యి దానంతటదే ఆగింది.