మడతలో గుడ్డ

డండీలో, పెర్త్ రోడ్డు మీద
డ్రైక్లీనింగ్ షాపు వెనక గది నాది.
ఒక మిషను, ఒక టేపు, అరిగిన సుద్దముక్క.
ఊళ్ళో వాళ్ళ పంట్లాలన్నీ నా చేతిలోనే పొట్టివవుతాయి.
నా కూతురి స్కూలు గౌను మాత్రం
రెండేళ్ళపాటు ఒక్క కుట్టూ విప్పలేదు.

కొలతలు చూసి బతికేదాన్ని,
నాకే ముందు తెలియాల్సింది.
తలలో బఠానీ గింజంత గ్రంథి ఉంటుందట,
పిల్లని పెరగమని చెప్పడం
అది మరిచిపోయిందట.

రాత్రి ఎనిమిదింటికి సూది.
పెన్ను ఫ్రిజ్జు తలుపులో, పాలసీసా పక్కన.
ఇవాళ ఎడమ తొడ, రేపు కుడి.
నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టాలి.
శర్వాణి పదకొండు దాకా లెక్కపెడుతుంది,
నా మీద నమ్మకం లేక.

ఆ వేసవిలో గౌను మడత విప్పాను.
ఆగస్టులో మళ్ళీ విప్పాను.
విప్పిన చోట పాత రంగు గీతలా నిలిచిపోతే
దాన్ని చూస్తూ టీ చల్లార్చుకున్నాను.

నవంబరు. టే నది మీంచి గాలి.
చేతులు చంకల్లో పెట్టుకుని వచ్చేది బడి నుంచి.
నాలుగింటికి చీకటి, నాలుగున్నరకి నిద్ర,
తీసివేత లెక్క సగంలో, బల్ల మీదే.
దువ్వెన నిండా జుట్టు. గరుకు మోచేతులు.
బాత్రూం తలుపు అవతల మూలుగు, మూడురోజులకోసారి.
చలికాలం కదా, అన్నాను.
ఈ దేశంలో ఏ నేరమైనా
చలి మీద వేస్తే చెల్లిపోతుంది.

కానీ టేపుకి మొహమాటం లేదు.
మూడు నెలలు, అర సెంటీమీటరు కూడా లేదు.
సూది ఒక్క రాత్రీ తప్పలేదు.

నర్సు ఐలీ రక్తం తీసింది.
డాక్టరమ్మ కాగితం మీద గొంతు గీసి
గొంతులో సీతాకోకచిలుకని గీసింది.
థైరాయిడ్, అంది.
అది చేసేదాంట్లో ఎక్కువ భాగం టీ ఫోర్, దాచుకునే సరుకు.
ఒంటికి పని చేసిపెట్టేది టీ త్రీ.
పెరుగుదల సూది మొదలయ్యాక
ఒళ్ళు ఆ దాచినదాన్ని గబగబా మార్చి వాడేస్తుంది.
చాలామంది పిల్లల్లో అంకె కాస్త దిగి
మళ్ళీ అదే సర్దుకుంటుంది.
మరి మాకు?
ఖాళీ అయింది నింపమని కబురు పెట్టాల్సింది కూడా
ఆ బఠానీ గింజే.

బొమ్మ నాకు సగమే ఎక్కింది.
బస్సులో కూచుని నా భాషలో కుట్టుకున్నాను:
గౌను అంచున మడిచి ఉంచిన గుడ్డ,
పెరుగు పెరుగు అని తరిమితే
పిల్ల ఉన్న మడతలన్నీ విప్పేసుకుంది.
లోపల తానులో గుడ్డ లేదు.

అంటే నేను పొడిచిందే, అని అక్కడే ఆగిపోయాను ఆ గదిలో.
కాదు, అంది డాక్టరమ్మ. లోటు పాతది. ఇప్పుడు బయటపడింది.
బూజు దులిపితే గోడ పగులు కనిపిస్తుంది,
పగులుకి చీపురు ఏం చేసింది, అనేది మా అమ్మ.
రెండు మాటలూ విన్నాను.
ఆ రాత్రి పెన్ను పట్టుకున్న చెయ్యి
రెండూ వినలేదు.

ఇప్పుడు పొద్దున్నే చిన్న తెల్లమాత్ర, నీళ్ళతో.
అరగంట దాకా ఏమీ తినకూడదు.
వీటాబిక్స్ గిన్నె ముందు
కోర్టు బయట కూచున్నట్టు కూచుంటుంది.
"నా తలకి ఏదీ గుర్తుండదా అమ్మా?"
"తలకి ఉంటుంది. గింజకే ఉండదు.
దాని బదులు పొద్దున నువ్వు గుర్తుంచుకో,
రాత్రి నేను."
"నేను మర్చిపోతే?"
దానికి జవాబు ఇంకా కుట్టలేదు.

ఆరు వారాలకి మళ్ళీ రక్తం తీశారు.
అంకె పైకొచ్చిందని ఐలీ ఫోను చేసింది.
నాకు అంతకు వారం ముందే తెలుసు.
అద్దానికి మంచు పేరుకున్న రాత్రి
పిల్ల దుప్పటి తన్నేసి పడుకుంది.
కప్పబోయి, పాదం ముట్టుకున్నాను.
వెచ్చగా ఉంది.
కప్పలేదు.