మైనస్ గుర్తు

చిత్తూరు సంతపేటలో
కిరోసిన్ అమ్మడం మానేసి ఏళ్లయినా
దాని వాసన మాత్రం ఇంకా అమ్ముడుపోని అంగట్లో
బియ్యం మూటల మీద లాప్‌టాప్ పెట్టుకుని
మొగిలప్పను అడిగాను:
మొదటి పేజీలో ఏం కనబడాలి?

పొట్లం దారం పంటితో తెంపి
"తలకాయి తగలని గుమ్మం కనబడాల" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లుగా తూకం దగ్గర నిలబడ్డవాడు.
దొరస్వామి శెట్టి కొడుకు నాకు అడ్వాన్సు ఇచ్చి
"రంగులు మీ ఇష్టం, లోగోలో ఏనుగుండాలి" అని
పలమనేరు పెళ్లికి పోయాడు.
అంగడి గురించి తెలియాల్సినవన్నీ
ఈ మనిషి దగ్గరే మిగిలాయి.

వెతుకుపెట్టెలో నేను మినప్పప్పు అని రాసుకున్నాను.
"ఉద్దిబేడలంటే పలకదా నీ పెట్టె?
బొరుగులంటే? ఎర్రగడ్డలంటే?
వేలూరు బస్సు దిగొచ్చే ఆయమ్మ ఉళుందు అంటాది.
ఆయమ్మక్కూడా పలకాల."
ఒక్కో పప్పుకు నాలుగేసి పేర్లు ఎక్కించుకుంటూ పోతే
తెల్లారేసరికి నా పట్టిక
ఊరంత పొడవైంది.

గ్రాములు పెట్టాను. నూరు, ఇన్నూరు, అరకేజీ.
చిన్నగా దగ్గాడు.
"జీలకర గ్రాముల్లో ఎవురడగతారుమా?
పదిరూపాయలకియ్యి అంటారు."
బరువు పక్కనే ఇంకో గడి మొలిచింది:
ఎంతకు కావాలి?

డోర్ నంబరు తప్పనిసరి అని ఎర్రచుక్క పెట్టాను.
అతను ఖాతా పుస్తకం తెరిచి నా ముందుకు తోశాడు.
పచ్చగేటు. ట్యూషను టీచరమ్మ. కుంటికుక్క ఇల్లు.
కుక్క పోయి ఆరేళ్లయిందట,
ఇల్లు ఇంకా దాని పేరు మీదే ఉంది.
ఎర్రచుక్క చెరిపాను.

"స్టాక్ లేదు" అన్న మాట అతనికి రుచించలేదు.
"మొకం మీద తలుపేసినట్టుంది.
బుధవారం లారీ వస్తాదని చెప్పు."
బుధవారం రాకపోతే?
"గురువారమని చెప్పు."

చెప్పినవన్నీ చెయ్యలేకపోయాను.
గసగసాలు ఎన్ని చాలునో బొటనగోరు మీద చూపించాడు,
ఆ గోరును ఏ కోడ్‌లో రాయాలో తెలియలేదు.
చింతపండు పాతదా కొత్తదా
వేలితో నొక్కి చూసుకునే వీలు ఏదీ అన్నాడు.
లేదన్నాను.
సరేలే అన్నట్టు ఈగల్ని తోలాడు.

అంతా అయ్యాక, పరీక్షకు
మొదటి ఆర్డరు నువ్వే పెట్టమన్నాను.
షట్టరు సగం దించి, చేతులు పంచెకు తుడుచుకుని
ఫోను వేడిగిన్నెలా పట్టుకున్నాడు.
జీడిపప్పు, అరకేజీ. యాలకులు. ఎండుద్రాక్ష.
నెయ్యి, పెద్దడబ్బా.
ఊరికంతా తూచిన చేతులు
తమకోసం ఎన్నడూ తూచుకోనివి.

కింద మొత్తం చూశాడు.
కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు.
నెయ్యి పక్కనున్న మైనస్ గుర్తు నొక్కాడు.
తెర అడిగింది: నిజంగా తీసేయాలా?
అవునన్నాడు.
యాలకులు. నిజంగా తీసేయాలా?
జీడిపప్పు.
నిజంగా

నేను రాసిన వాక్యమే.
మర్యాద అనుకుని రాసింది.

ఆ పొద్దున్నే చూశాను కదా,
స్కూలు ఆయా ఒకామె చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి
నూనె ప్యాకెట్టు వేలితో వెనక్కి జరిపితే
మొగిలప్పకు ఉన్నట్టుండి
శెనగల మూటలో ఏదో పని పడింది.
అతను తల ఎత్తేసరికి
ప్యాకెట్టు తనంతట తానే అరలోకి నడిచిపోయినట్టు
ఇద్దరూ వేరే మాట్లాడుకున్నారు.

రాత్రి ఇంటికొచ్చి ఆ వాక్యం పీకేశాను.
ఇప్పుడు మైనస్ నొక్కితే వస్తువు పోతుంది.
సద్దుండదు. ఎందుకని ఉండదు.
పేజీ ఒక్క క్షణం
పక్కకు తిరుగుతుంది.

అంగట్లో ఆర్డరు నంబరు ఒకటి:
ఎండుద్రాక్ష,
పదిరూపాయలకు.