ఏ వరసన పిలవను

మా భాషలో
"నేను" అనే మాట ఒంటరిగా నిలబడదు.
ఎదుటి మనిషి వయసు తెలిస్తేనే
నేను చెల్లెలినో, కూతురినో, మనవరాలినో
తేలుతుంది.

అందుకే ఎతజిమ దీవిలో మొదటి రోజు,
తెల్లవారుజామున నాలుగింటికి
ఆల్చిప్పల షెడ్డులో
పక్క పీట మీది త్సురుయో గారిని
వచ్చీరాని జపనీసులో అడిగేశాను:
మీకెన్నేళ్ళు?

కత్తి ఆగలేదు.
చిప్ప విచ్చుకుంది, మాంసం బకెట్లో పడింది.
"ఇవాళ చలి ఎక్కువే కదా, జియెమ్-సాన్," అన్నారావిడ.

ఇక్కడ చలి గురించి అడగొచ్చు.
రేగు పూలు ఎప్పుడు విచ్చుతాయో అడగొచ్చు.
మనిషిని అడగకూడదు.
లామ్ నది ఒడ్డున మా వీధిలో అయితే
కూరగాయలామె తూకం వెయ్యకముందే
పెళ్ళయిందా, జీతమెంత, ఎందుకలా చిక్కిపోయావని
అంతా ఆరా తీసి
ఆపైన గుప్పెడు కొత్తిమీర కొసరేస్తుంది.

అన్నం ముందు త్సురుయో గారు చేతులు జోడిస్తారు.
ఒకే ఒక్క మాట.
అన్నానికా, సముద్రానికా, వండిన చేతికా?
నాకింకా తెలీదు.
మా ఇంట్లో అందరికన్నా చిన్నదాన్ని నేను.
నాయనమ్మా తినండి, తాతా తినండి, పెదనాన్నా తినండి,
పదకొండు మందినీ వరస పెట్టి పిలిచేసరికి
పులుసు చల్లారేది.
ఆకలేసి ఒకసారి చిన్నత్తని దాటేశాను.
పెళ్ళయి వెళ్ళేదాకా మర్చిపోలేదావిడ.

మా కొత్త సంవత్సరానికి తామర టీ డబ్బా ఇచ్చాను.
వారం తిరక్కుండా
సరిగ్గా అందులో సగం విలువ చేసే నారింజలొచ్చాయి.
ఫోన్లో చెబితే అమ్మ అంది:
"అంత తొందరగా రుణం తీర్చేసుకుందేం,
నీతో ఇంక పని లేదనా?"

ఫిబ్రవరి చివర ఇంటికి పిలిచారు.
చెప్పులు విడిచి వెనక్కి చూస్తే
ఆవిడ వంగి, వాటి ముక్కులు వాకిలి వైపు తిప్పుతున్నారు.
వెళ్ళిపొమ్మనా?
కాదట. వెళ్ళేటప్పుడు నేను తడుముకోకూడదని.

నేను వండుకెళ్ళిన చేప.
పాకంలో మగ్గిన మెత్తటి పొట్ట ముక్కని
పుల్లలు తిరగేసి పట్టుకుని, మావాళ్ళలాగే,
ఆవిడ గిన్నె వైపు చాచాను.
ఏమరుపాటున ఆవిడ పుల్లలు ఎదురొచ్చాయి.
నాలుగు పుల్లలు. మధ్యలో ఒక ముక్క.

ముక్క బల్ల మీద పడింది.

"పుల్లల నుంచి పుల్లలకి
చివరిసారి అందించుకున్నది
మా మికియో ఎముకలు,
నేనూ, మా మరిదీ.
గొంతు దగ్గరి ఎముక అన్నిటికన్నా చివర్న."

క్షమించమని వంగాను.
ఎంత వంగాలో గుర్తు రాలేదు,
నుదురు బల్లకి ఠప్పున తగిలింది.
ఆవిడ నవ్వారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
తర్వాత బల్ల మీది ముక్క తీసుకుని తిన్నారు.
చేత్తో.

"నాది కుందేలు," అన్నారు టీ పోస్తూ,
ఎవరూ అడక్కుండానే. "పుట్టిన ఏడు."

మా పన్నెండేళ్ళ చక్రంలో కుందేలు లేదు.
ఆ గడిలో పిల్లి కూర్చుంటుంది.
సైకిల్ మీద తిరిగొస్తూ వేళ్ళ కణుపులు లెక్కపెట్టాను.
అరవై రెండా? డెబ్బై నాలుగా?
పెద్దమ్మా? అమ్మమ్మా?
పిల్లి నోరు విప్పలేదు.

మర్నాడు నాలుగింటికి, కత్తి నూరుతూ,
"చలి తగ్గింది కదా," అన్నారు.
"తగ్గింది," అన్నాను.
చివర మా భాషలో ఒక పిలుపు తగిలించాను.
చిప్ప విచ్చుకుంది, మాంసం బకెట్లో పడింది.
ఆ మాటకి అర్థమేమిటని
ఆవిడ అడగలేదు.
అడగరు కదా.